సీజీఎం సెన్సర్ డబ్బా మీద రాసిన "మార్డ్" అంకె చూసి పిల్లాడికి ఇన్సులిన్ డోసు వేయొచ్చా?

చిన్నూ వాళ్ళమ్మ (నరసరావుపేట)

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, టైప్-1 షుగర్. తిన్న ప్రతిసారీ ఇన్సులిన్, దానికి ముందు వేలి పోటు. పగలు ఎలాగో గడిచిపోతుంది కానీ రాత్రిళ్లే టెన్షన్. నిద్రలో షుగర్ పడిపోతే వాడికి తెలియదు, మాకూ తెలియదు. అందుకే డాక్టర్ గారు సీజీఎం (ఒంటికి పెట్టుకుంటే పగలూ రాత్రీ షుగర్ చూపిస్తూ ఉండే సెన్సర్) పెట్టించమన్నారు.

మేము చూసినవాటిలో చివరికి రెండు మిగిలాయి. ఒకటి చాలా ఏళ్లుగా ఉన్న పెద్ద కంపెనీది. ఇంకొకటి ఈమధ్యే ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, ధర దాదాపు సగం. విచిత్రం ఏమిటంటే "మార్డ్" అనే అంకె తక్కువ ధరదానికే మెరుగ్గా ఉంది. అది ఎంత తక్కువైతే సెన్సర్ అంత కచ్చితం అని అమ్మే అతను చెప్పాడు.

ఈ అంకెను ఎవరు, ఎలా తేలుస్తారు? పిల్లల మీద కూడా పరీక్షించి చెబుతారా? దాన్ని నమ్మి వేలి పోటు మానేసి డోసు నిర్ణయించుకోవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. ఖర్చు మాకు చిన్న విషయం కాదు. అయినా అంతకంటే పెద్ద భయం, తప్పు రీడింగ్ చూసి వాడికి ఇన్సులిన్ ఎక్కువ వేసేస్తానేమోనని.

గోదావరి మాష్టారు (రాజమండ్రి)

అమ్మా, నాకు డెబ్బై దాటాయి. రెండు పూటలా ఇన్సులిన్. మా కోడలు పట్టుబట్టి సెన్సర్ పెట్టించింది. తెల్లవారుజామున మూడింటికి అలారం మోగింది, చూస్తే 58. చెమట లేదు, వణుకు లేదు. అనుమానం వచ్చి వేలితో చూసుకుంటే 112. కాసేపటికి సెన్సర్ కూడా దానంతటదే 110కి వచ్చేసింది. తర్వాతి రాత్రి కూడా ఇదే తంతు. ఇలాంటి యంత్రం మీద పసివాడి ప్రాణం పెట్టమని నేను చెప్పలేను. వేలి పోటే నయం.

డల్లాస్ టైప్‌వన్

మాష్టారూ, సెన్సర్ ఏ చేతికి పెట్టారు? ఆ పక్కకే తిరిగి పడుకుంటారా?

గోదావరి మాష్టారు (రాజమండ్రి)

ఎడమ చేతికి. అవును బాబూ, ఎడమ పక్కకే పడుకుంటాను.

డల్లాస్ టైప్‌వన్

అయితే అది సెన్సర్ పాడైపోవడం కాదు సార్. శరీరం బరువు సెన్సర్ మీద పడితే ఆ చోట చర్మం కింది ద్రవం కదలదు, కొత్త గ్లూకోజ్ అక్కడికి చేరదు. ఉన్నదాన్ని చుట్టూ ఉన్న కణాలు వాడేసుకుంటాయి. సెన్సర్ మాత్రం అక్కడ ఉన్నదే కొలుస్తుంది కాబట్టి ఒళ్లంతా షుగర్ లో (బాగా తక్కువ) అయినట్టు చూపిస్తుంది. గ్రాఫ్‌లో గుర్తు పట్టడం తేలిక. ఉన్నట్టుండి నిట్టనిలువుగా పడుతుంది, పక్కకు తిరగగానే మళ్లీ పైకి లేస్తుంది. నిజంగా లో అయినప్పుడు అంత నిటారుగా పడదు. తర్వాతి సెన్సర్ కుడి చేతికి పెట్టించుకోండి.

కానీ అమ్మా, మాష్టారు చేసిన ఒక పని మాత్రం గుర్తు పెట్టుకోండి. ఒంట్లో ఎలా ఉందో, సెన్సర్ ఏం చెబుతోందో రెండూ పొసగనప్పుడు ఆయన వేలితో చూసుకున్నారు. అది ఎప్పటికీ మానకూడదు. చిన్నూ నిద్రలో ఉండి అలారం మోగితే ముందు వాడిని పక్కకు తిప్పి, వెంటనే వేలితో చూడండి. మీటర్ అందుబాటులో లేకపోతే మాత్రం ఆలోచించకుండా పంచదారో జ్యూసో ఇచ్చేయండి.

ల్యాబ్ మిత్ర (వరంగల్)

నేను బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మార్డ్ గురించి ముందు లెక్క చెప్తాను, అది తెలిస్తే సగం సందేహాలు పోతాయి.

ఒకే సమయంలో రెండు కొలతలు తీసుకుంటారు. ఒకటి సెన్సర్‌ది, ఇంకొకటి నమ్మదగిన యంత్రం మీద రక్తంలో కొలిచింది. రెండింటికీ తేడా ఎంత, అది రక్తం కొలతలో ఎంత శాతం అని లెక్కగడతారు. తేడా పైకి వచ్చినా కిందికి వచ్చినా ఒకటే, ప్లస్-మైనస్ గుర్తు తీసేస్తారు. ఇలా వేల జతలు తీసి, అన్నిటికీ సగటు కడితే వచ్చేదే మార్డ్. అంటే మార్డ్ 9 అంటే ప్రతి రీడింగూ 9 శాతం లోపే తప్పుతుందని కాదు. సగటున అంత తప్పుతుందని. కొన్ని 2 శాతం తప్పుతాయి, కొన్ని 30.

ఇంకో సంగతి. సెన్సర్ రక్తాన్ని తాకదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో సన్నటి తీగలాంటిది ఉంటుంది. దాని మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత. గ్లూకోజ్ తగిలినప్పుడు చర్య జరిగి చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది, దాన్నే అంకెగా మారుస్తారు. (దాదాపు అన్నీ ఇంతే. చర్మం కింద అమర్చే ఎవర్‌సెన్స్ ఒక్కటి కాంతితో కొలుస్తుంది.) రక్తంలో మారిన గ్లూకోజ్ ఆ ద్రవంలోకి చేరడానికి అయిదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. కాలువకు నీళ్లు వదిలితే చివరి పొలానికి ఆలస్యంగా చేరినట్టే. షుగర్ నిలకడగా ఉన్నప్పుడు రెండూ దగ్గరగా ఉంటాయి. అన్నం తిన్న తర్వాత సర్రున పెరిగేటప్పుడో, ఆడుకుని వచ్చాక పడిపోతున్నప్పుడో తేడా కనిపిస్తుంది. ఆ తేడా అంతా సెన్సర్ తప్పు అనుకోకూడదు.

కొలతబద్ద (హైదరాబాద్)

వైద్య పరికరాల పరీక్షల రంగంలో చాలాకాలంగా ఉన్నాను. మిత్ర గారు లెక్క చక్కగా చెప్పారు, నేను అక్కడి నుంచి అందుకుంటాను. అమ్మా, మీకు పనికొచ్చే అసలు ప్రశ్న "మార్డ్ ఎంత?" అన్నది కాదు. "ఎవరి మీద, ఏ షుగర్ దగ్గర, దేనితో పోల్చి తేల్చిన మార్డ్?" అన్నది.

ఒక చిన్న లెక్క చూడండి. రక్తంలో 250 ఉన్నప్పుడు సెన్సర్ 240 చూపింది, తేడా 4 శాతం. 180కి 171, 5 శాతం. 120కి 114, 5 శాతం. ఈ మూడింటి సగటు 5 కూడా లేదు, ప్రపంచంలోనే గొప్ప సెన్సర్ అనిపిస్తుంది. ఇప్పుడు నాలుగో కొలత కలపండి. రక్తంలో 55, సెన్సర్‌లో 77. అది 40 శాతం తప్పు. సగటు 13.5కి ఎగబాకింది. పైగా ఆ నాలుగోదే పిల్లాడి ప్రాణానికి సంబంధించింది. ఎందుకంటే 77 చూసి మీరు అంతా బాగుందనుకుని పడుకుంటారు.

పరీక్షలో పాల్గొన్నవాళ్లు ఎక్కువమంది మాత్రలతో షుగర్ నిలకడగా ఉండే టైప్-2 వాళ్లో, అసలు షుగరే లేనివాళ్లో అయితే ఆ నాలుగో రకం కొలతలు పెద్దగా రానే రావు. మార్డ్ అందంగా వస్తుంది. అంకె అబద్ధం కాదు, కానీ అది చిన్నూ లాంటి పిల్లల గురించి చెప్పిన అంకె కాదు. మీరు చూసిన తక్కువ ధర సెన్సర్ అలాంటిదేనని నేను అనడం లేదు, దాని పరీక్ష వివరాలు నేను చూడలేదు. వివరాలు చూడకుండా రెండు డబ్బాల మీది అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదని మాత్రం గట్టిగా చెప్తాను.

అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఈ చిక్కును గుర్తించింది. 2018 మార్చిలో డెక్స్‌కామ్ జీ6 అనే సెన్సర్‌కి అనుమతి ఇస్తూ ఐసీజీఎం అని కొత్త తరగతి పెట్టింది. అందులో సగటు మార్డ్ మీద అసలు మార్కులే లేవు. షుగర్‌ను మూడు ముక్కలు చేసి దేనికది చూస్తారు. 70 లోపు ఉన్నప్పుడు 85 శాతానికి పైగా రీడింగులు అసలు విలువకు 15 పాయింట్ల లోపు ఉండాలి. 70 నుంచి 180 దాకా 70 శాతానికి పైగా రీడింగులు 15 శాతం తేడా లోపు ఉండాలి. 180 దాటితే 80 శాతానికి పైగా రీడింగులు అదే 15 శాతం లోపు ఉండాలి. మొత్తం మీద 87 శాతానికి పైగా రీడింగులు 20 శాతం తేడా లోపు రావాలి. ఇవి కూడా ఊరికే సగటున వస్తే సరిపోదు, గణాంకాల లెక్కలో పొరపాటుకు చోటు వదిలేశాక మిగిలే కింది హద్దు ఆ మార్కు దాటాలి. నాకు అన్నిటికంటే నచ్చే షరతు ఇంకొకటి ఉంది. రక్తంలో 180 పైన ఉన్నప్పుడు సెన్సర్ 70 లోపు చూపిన సందర్భం ఒక్కటి కూడా ఉండకూడదు. దాన్ని తిరగేసినా అంతే. ప్రాణం తీసే తప్పు అదే కాబట్టి.

యూరప్‌లో సీఈ ముద్రకు (అక్కడ అమ్మడానికి కావలసిన గుర్తు) ఇలా అంకెల్లో తేల్చిన ప్రత్యేక గీటురాయి సీజీఎంలకు ఉండేది కాదు. అందుకే "సీఈ ఉంది" అన్న ఒక్క మాటతో రెండు సెన్సర్ల పరీక్షలు సమానమని అనుకోవద్దు.

చిన్నూ వాళ్ళమ్మ (నరసరావుపేట)

సార్, 55కి 77 అన్న లెక్క చూశాక ఒక్క క్షణం ఏమీ తోచలేదు. మరి లో షుగర్ దగ్గర ఎలా పరీక్షిస్తారు? కావాలని ఎవరికైనా షుగర్ పడిపోయేలా చేస్తారా? పిల్లలకు అలా చేస్తారా?

డల్లాస్ టైప్‌వన్

అక్కా, పెద్దవాళ్లకు చేస్తారు. నాకే చేశారు. ఇక్కడ ఒక సెన్సర్ పరీక్షకు వాలంటీర్‌గా వెళ్లాను. ఏ కంపెనీది అన్నది పక్కన పెట్టి, ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను.

ముందు ఇంటి దగ్గర సెన్సర్లు పెట్టుకుని తిరగాలి. ఒకటి కాదు, ఒంటి మీద ఒకేసారి ఒకటికి మించి పెడతారు. రెండు సెన్సర్లు ఒకే మనిషి మీద ఒకే మాట చెబుతున్నాయా అని చూడటానికి. వాటి రీడింగులు మనకు కనపడవు, లోపల రికార్డు అవుతాయంతే. మన మామూలు మీటర్‌తోనే మన ఇన్సులిన్ చూసుకోవాలి.

తర్వాత క్లినిక్ రోజు. పొద్దున్నే వెళ్తే చేతి నరంలో సన్నటి గొట్టం పెట్టారు. ఆ చేతిని వేడి ప్యాడ్‌లో ఉంచమన్నారు. వేడికి రక్తనాళాలు తెరుచుకుని సిరలో రక్తం ధమని రక్తానికి దగ్గరగా ఉంటుందట. ఇక పావుగంటకోసారి కొంచెం రక్తం తీయడం, పక్క గదిలో యంత్రం మీద కొలవడం. అలా రోజంతా. మధ్యాహ్నానికి చెయ్యి బరువెక్కిపోయింది.

షుగర్‌ను అన్ని ఎత్తుల్లోనూ చూడాలి కాబట్టి ముందు పైకి ఎక్కిస్తారు. పాన్‌కేకులు, మీద తియ్యటి సిరప్, ఇన్సులిన్ ఆలస్యంగా. 300 దాకా పోనిచ్చారు. ఆ తర్వాత ఇన్సులిన్ ఇచ్చి మెల్లగా కిందికి దింపారు. 70 దాటి ఇంకా కిందికి. డాక్టర్, నర్సు మంచం పక్కనే ఉన్నారు, నిమిషాల లెక్కన చూస్తూనే ఉన్నారు, గ్లూకోజ్ సిద్ధంగా ఉంది. అయినా షుగర్ లో అయినప్పుడు ఒంట్లో అలజడి అలజడే. పెదవులు తిమ్మిరెక్కాయి, అడిగినదానికి సమాధానం వెంటనే రాలేదు. కావలసినన్ని కొలతలు రాగానే జ్యూస్ ఇచ్చేశారు.

ఇదంతా సెన్సర్ పెట్టిన మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి, చివర్లో ఒకసారి చేస్తారు. అందరినీ అన్నిసార్లూ పిలవరు, కొందరు మొదటి రోజుకు, కొందరు ఆఖరి రోజుకు. మొదటి రోజు సెన్సర్ ఇంకా కుదురుకోదు, చివర్లో ఎంజైమ్ బలం తగ్గుతుంది. ఆ రెండు చివర్లే కష్టం.

ఇంట్లో ఎవరూ ఇలాంటి ప్రయత్నం చేయొద్దని వేరే చెప్పనక్కర్లేదు. పరీక్ష కోసం పిల్లాడి షుగర్ కావాలని దించడం ఎప్పుడూ వద్దు.

కొలతబద్ద (హైదరాబాద్)

ఇంత కళ్లకు కట్టినట్టు చెప్పినందుకు ధన్యవాదాలండీ. మీలాంటి వాలంటీర్లు లేకపోతే 70 లోపు గడిలో అంకెలే ఉండవు.

పిల్లల సంగతి. చిన్న పిల్లల నుంచి ఎంత రక్తం తీయొచ్చో బరువును బట్టి పరిమితి ఉంటుంది. వాళ్లకు కావాలని షుగర్ దించడమూ సరికాదు. అందుకని వాళ్ల పరీక్షల్లో జతలు తక్కువ, లో దగ్గర మరీ తక్కువ. చాలా చోట్ల వేలి రక్తంతో పోల్చి సరిపెట్టుకోవలసి వస్తుంది. అయినా పిల్లల అంకెను విడిగా చెప్పే కంపెనీని నేను ఎక్కువ నమ్ముతాను. ఉదాహరణకు ఫ్రీస్టైల్ లిబ్రే 2 అనే సెన్సర్ పరీక్షలో పెద్దల మార్డ్ 9.2, పిల్లల మార్డ్ 9.7 అని విడివిడిగా ప్రచురించారు. మొదటి లిబ్రేకి అది 11.4. మీరు అడిగిన వయసుకు విడిగా అంకె లేకపోతే అది పిల్లల మీద పరీక్షించలేదనే అనుకోండి.

ఇక పక్క గదిలోని యంత్రం గురించి. చాలా ఏళ్లపాటు అది వైఎస్ఐ 2300. ఒహాయోలోని ఎల్లో స్ప్రింగ్స్ అనే ఊళ్లో పుట్టిన కంపెనీది. లేలాండ్ క్లార్క్ 1962లో చెప్పిన ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచనతో ఆ కంపెనీ 1975లో మొదటి గ్లూకోజ్ యంత్రం అమ్మింది. అంటే మన చేతి మీద ఉన్న సెన్సరూ, దాన్ని తూచే యంత్రమూ ఒకే తాత మనవలు. ఆ మోడల్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఒక్కో పరీక్షలో ఒక్కో యంత్రం వాడుతున్నారు. కొందరు సిర రక్తం, కొందరు వేలి రక్తం. భోజనం తర్వాత వేలి రక్తంలో గ్లూకోజ్ సిర రక్తం కంటే ఎక్కువ ఉంటుంది. ఒకే సెన్సర్‌ను ఒకదానితో పోలిస్తే ఒక మార్డ్, ఇంకోదానితో పోలిస్తే ఇంకో మార్డ్. ఈ తూకంరాళ్ల విషయంలో అందరూ ఒక మాట మీదికి రావాలని ఐఎఫ్‌సీసీ (ల్యాబ్ పరీక్షల అంతర్జాతీయ సమాఖ్య) బృందం ఒకటి పనిచేస్తోంది. రావాల్సిన అవసరం చాలా ఉంది.

షాపు శ్రీను (తెనాలి)

మెడికల్ షాపు నాది. పెద్దలు చెప్పినవన్నీ నిజమే, కానీ ఒక మాట నేనూ అంటాను. మన దగ్గర లక్షల మంది టైప్-2 వాళ్లు ఉన్నారు. నెలకు ఒకసారి పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి చూసుకుని ఊరుకుంటారు. వాళ్లలో మాత్రల మీద ఉన్నవాళ్లు తక్కువ ధర సెన్సర్ ఒకటి పెట్టుకుని, ఏ కూరకు ఎంత పెరుగుతోంది, రాత్రి ఎనిమిదికి తింటే ఎలా ఉంది, పదింటికి తింటే ఎలా ఉంది అని చూసుకుంటే తప్పేముంది? పది శాతం అటూ ఇటూ అయినా గ్రాఫ్ ఆకారం తెలుస్తుంది కదా. అన్నీ అమెరికా గీటురాయితో చూస్తే సామాన్యుడికి ఏదీ అందదు.

కొలతబద్ద (హైదరాబాద్)

శ్రీను గారూ, మీతో ఏకీభవిస్తాను. లో అయ్యే ప్రమాదం లేని మందుల మీద ఉన్నవాళ్లకు ఆకారం తెలిస్తే చాలు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ ఉన్నవాళ్లున్నారు. వాళ్లందరికీ ఖరీదైనదే కావాలంటే కుదరదు. కానీ చిన్నూ వాళ్ళమ్మ అడిగింది ఆ రీడింగ్ చూసి ఇన్సులిన్ వేయొచ్చా అని. ఆ పనికి గీత వేరు. ఎఫ్‌డీఏ కూడా 1999లో మొదటి సీజీఎంకు అనుమతి ఇచ్చినప్పుడు దాన్ని చూసి డోసు వేసుకోవడానికి ఒప్పుకోలేదు. రోగికి రీడింగ్ కనపడేదే కాదు, మూడు రోజుల తర్వాత డాక్టర్ దింపుకుని చూసేవాళ్లు. సెన్సర్ చూసి డోసు వేసుకోవచ్చని మొదటిసారి 2016 డిసెంబర్‌లో అన్నారు. అంటే మధ్యలో 17 ఏళ్లు. సల్ఫోనైల్యూరియా మాత్రలు, అంటే గ్లిమెపిరైడ్ లాంటివి, వాడేవాళ్లు కూడా ఇన్సులిన్ వాళ్ల లెక్కలోనే జాగ్రత్త పడాలి. ఆ మాత్రలకూ లో అవుతుంది.

షాపు శ్రీను (తెనాలి)

గ్లిమెపిరైడ్ సంగతి మంచిగా గుర్తు చేశారు, అడిగేవాళ్లకు చెప్తాను. నా వైపు నుంచి ఒకటి. ఎండాకాలంలో కొరియర్‌లో వచ్చే సెన్సర్లు, స్ట్రిప్పులు జాగ్రత్త. డబ్బా మీద ఎంత వేడి వరకు ఉంచొచ్చో రాసి ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం బండి పెట్టెలో తిరిగి వచ్చిన సరుకు ఆ హద్దు దాటిపోతుంది. పేరున్న షాపులో ఏసీలో ఉంచినది, బిల్లుతో కొనండి.

మన్యం నర్సు (పాడేరు)

ఒక విషయం ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నాను. మనం సెన్సర్‌ను మీటర్‌తో పోల్చి సెన్సర్‌దే తప్పు అంటాం. మీటర్ తప్పొచ్చు కదా. రక్తహీనత ఉన్నవాళ్లలో ఎర్ర కణాలు తక్కువ ఉండటం వల్ల చాలా స్ట్రిప్పులు ఉన్నదానికంటే ఎక్కువ షుగర్ చూపిస్తాయి. ఎంత హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) వరకు పనిచేస్తుందో స్ట్రిప్పుల కాగితంలో రాసి ఉంటుంది, దయచేసి చదవండి. మా దగ్గర ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. ఒక తల్లికి సెన్సర్ ఎప్పుడూ తక్కువే చూపిస్తోందని ఇంట్లోవాళ్లు తీసేయబోయారు. ల్యాబ్‌లో సిర రక్తం చూస్తే సెన్సర్‌కే దగ్గరగా వచ్చింది. హిమోగ్లోబిన్ 8 కూడా లేదు ఆవిడకి.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కూడా అంతే. ఐరన్ లోపం ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్నవాళ్లలో ఆ పరీక్షను నమ్మలేం. ఇలాంటివాళ్లకు సెన్సర్ సగటే పెద్ద ఆసరా. సగటు 154 ఉంటే యాప్‌లో జీఎంఐ (ఆ సగటును బట్టి వేసిన ఏ1సీ అంచనా) 7 దగ్గర చూపిస్తుంది. ల్యాబ్ ఏ1సీ దానికి చాలా దూరంగా ఉంటే ముందు హిమోగ్లోబిన్ చూపించండి.

ల్యాబ్ మిత్ర (వరంగల్)

నర్సమ్మ చెప్పింది బంగారం లాంటి మాట. మీటర్ల ఐఎస్ఓ 15197 ప్రమాణం 2013ది. దాని ప్రకారం కూడా 100 పైన 95 శాతం రీడింగులు 15 శాతం తేడా లోపు ఉంటే మీటర్ పాసైనట్టే. అంటే మీటర్ 140 చూపితే అసలు విలువ 122 నుంచి 165 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సెన్సర్ 160, మీటర్ 140 వస్తే ఎవరిది తప్పని అప్పుడే తీర్పు చెప్పలేం.

ఇంట్లో సరిచూసుకోవాలంటే ఇలా చేయండి అమ్మా. సెన్సర్ పెట్టిన మొదటి రోజు రీడింగులతో తీర్పు ఇవ్వొద్దు. బాణం గుర్తు అడ్డంగా, అంటే నిలకడగా ఉన్నప్పుడే పోల్చండి. భోజనానికి ముందు మంచి సమయం. చిన్నూ చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడవండి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే మీటర్ ఎక్కడికో పోతుంది, శానిటైజర్ రాస్తే అది పోదు. గడువు తీరని స్ట్రిప్, ఎప్పుడూ అదే మీటర్. రెండు అంకెలూ ఒకే నిమిషంలో రాసుకోండి. 70 లోపు అయితే 20 పాయింట్ల లోపు, దాని పైన అయితే 20 శాతం లోపు తేడా ఉంటే సర్దుకుపోవచ్చు. ఎప్పుడూ ఒకే వైపు, అదీ పెద్ద తేడాతో తప్పుతుంటే ఆ సెన్సర్ మార్పించుకోండి. ఒక్క రీడింగ్‌తో మాత్రం వద్దు.

జలుబు చేస్తే విటమిన్ సి బిళ్లలు చప్పరిస్తారు కదా. లిబ్రే 2 సూచనల్లోనే ఉంది, రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ఎక్కువ చూపిస్తే మీరు ఇన్సులిన్ ఎక్కువ వేస్తారు, ప్రమాదం అక్కడ. పాత డెక్స్‌కామ్‌లకు పారాసిటమాల్‌తో ఇదే ఇబ్బంది ఉండేది, జీ6 నుంచి మామూలు డోసు వరకు ఫరవాలేదు. మీరు ఏది కొన్నా "ఏ మందులు పడవు" అన్న పేజీ ముందు చదవండి.

సైకిల్ బాబు (విశాఖ)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. సూదే లేకుండా షుగర్ చూపించే వాచీ ఆన్‌లైన్‌లో రెండు వేలకే ఉంది. మా నాన్నకు కొనొచ్చా?

కొలతబద్ద (హైదరాబాద్)

వద్దు బాబూ. చర్మాన్ని గుచ్చకుండా గ్లూకోజ్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటన చేసి మరీ హెచ్చరించింది. సెన్సర్ రీడింగ్‌ను తెచ్చి చూపించే వాచీ వేరు, అది మంచిదే. తానే కొలుస్తానని చెప్పేది కొనకండి. ఆ డబ్బుతో నాన్నగారికి మంచి మీటర్, స్ట్రిప్పులు కొనండి.

గోదావరి మాష్టారు (రాజమండ్రి)

కుడి చేతికి మార్పించుకున్నాను. ఆ రాత్రి అలారం లేదు. నా వయసు వాళ్లకు లక్ష్యం ఎంత ఉండాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. మా కోడలు 70 నుంచి 180 మధ్య 70 శాతం సమయం ఉండాలంటోంది, నా గ్రాఫ్ 60 దగ్గరే ఆగుతోంది.

మన్యం నర్సు (పాడేరు)

మాష్టారూ, 70 శాతం అన్నది మామూలు పెద్దలకు. 2019 అంతర్జాతీయ ఒప్పందంలో వయసు పైబడినవాళ్లకు, లో అయితే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు 50 శాతం దాటితే చాలన్నారు. మీరు చూడాల్సింది కిందిది. 70 లోపు గడిపే సమయం 1 శాతం కంటే తక్కువ ఉండాలి. 60 నుంచి 70కి తేవాలని డోసు పెంచుకోకండి, డాక్టర్ గారికి గ్రాఫ్ చూపించి ఆయన చెప్పినట్టు చేయండి. చిన్నూకి మాత్రం 70 శాతం, లో 4 శాతం లోపు. అది కూడా డాక్టర్ గారి చేతే ఖాయం చేయించుకోండి.

చిన్నూ వాళ్ళమ్మ (నరసరావుపేట)

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆ తక్కువ ధర కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. పిల్లల మీద పరీక్షించారా, 70 లోపు ఎంతవరకు సరిగ్గా చూపించింది, దేనితో పోల్చారు అని అడిగాను. మార్డ్ అంకె మళ్లీ చెప్పారు గానీ మిగతావాటికి కాగితం ఇవ్వలేకపోయారు. పెద్ద కంపెనీ వాడకం పుస్తకంలో వయసులవారీ పట్టికలు ఉన్నాయి, మా ఆయనా నేనూ కూర్చుని చదివాం. అదే తీసుకుంటున్నాం. నెలకు రెండు సెన్సర్లు కొనలేకపోతే ఒకటే పెట్టి, మిగతా పదిహేను రోజులు వేలితో చూస్తే ఫలితం ఉంటుందా?

డల్లాస్ టైప్‌వన్

ఉంటుంది అక్కా. సెన్సర్ ఉన్న రోజుల్లో ఏ పూట ఎలా పెరుగుతోంది, రాత్రి ఏ వేళకు పడుతోంది అన్నది తెలుస్తుంది. అది చూసి డాక్టర్ గారు డోసులు సర్దితే మిగతా రోజులకూ అదే ఆసరా. పరీక్షల సమయం, జ్వరం వచ్చిన రోజులు, ఊరి ప్రయాణాలు, ఆటల పోటీలు ఉన్న వారాలకు సెన్సర్ దాచుకోండి. సెన్సర్ లేని రోజుల్లో పడుకునే ముందు, తెల్లవారుజామున వేలి పోటు తప్పనిసరి.

ల్యాబ్ మిత్ర (వరంగల్)

ఒకటి మిగిలింది. సెన్సర్ పెద్ద తేడాతో తప్పు చూపినా, దాని వల్ల పిల్లాడికి లో అయినా ఊరికే పారేయకండి. తీసేసిన సెన్సర్, డబ్బా మీది లాట్ నంబర్, ఆ సమయంలో మీటర్ చూపిన అంకె మూడూ ఉంచుకుని ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి, సాధారణంగా మార్చి ఇస్తారు. దాంతో ఆపొద్దు. వైద్య పరికరాల వల్ల జరిగిన ఇబ్బందులు నమోదు చేయడానికి 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. డాక్టర్లే కాదు, రోగి ఇంటివాళ్లు కూడా ఫారం నింపి పంపొచ్చు. పరీక్షలో పాల్గొనేది కొన్ని వందల మంది. అమ్మకానికి వచ్చాక వాడేది లక్షల మంది, ఒక లాట్ చెడిపోతే బయటపడేది ఇలాంటి ఫారాల వల్లే. నింపడం రాకపోతే దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఫార్మకాలజీ విభాగంలో అడగండి, లేదా నాకు ఇక్కడే రాయండి, దగ్గరుండి నింపిస్తాను.